తడిసిన అట్టపెట్టె

ఇవాళ రెండో శనివారం. బ్యాంకుకి సెలవు. పొద్దున్న ఎనిమిదింటిదాకా మంచం దిగకూడదని రాత్రే ఒట్టు పెట్టుకున్నాను. ఆరున్నరకి అత్తయ్యగారు తలుపు కొట్టారు. "అమ్మాయ్, హాల్లో అటక మీంచి చుక్కలు పడుతున్నాయి, ఒకసారి లేచి చూడు."

మాది పైఅంతస్తు. మా నెత్తిన డాబా, డాబా మీద అపార్ట్‌మెంటు మొత్తానికీ సరిపోయే ట్యాంకు. రాత్రి మోటారు ఆపడం ఎవరో మర్చిపోయారు. ట్యాంకు పొంగింది, డాబా మీద నీళ్లు నిలిచాయి, ఎప్పటినుంచో పూడ్పిద్దాం పూడ్పిద్దాం అనుకుంటున్న పగులులోంచి తీరిగ్గా దిగాయి. అటక మీద ఏమున్నాయి? బొమ్మల కొలువు మెట్లు, మా పెళ్లినాటి గుండిగ, మా అమ్మాయి చిన్నప్పటి సైకిలు చక్రం (ఒక్కటే, ఎందుకు దాచామో ఇద్దరికీ గుర్తులేదు), రెండు అట్టపెట్టెలు. నీళ్లు సైకిలు చక్రం మీద పడొచ్చు కదా? పెద్ద అట్టపెట్టె మీదే పడ్డాయి. అందులో ఉన్నవి నా నవలలు. క్రితం ఏడాది సున్నాలప్పుడు పైకెక్కించి, మళ్లీ దించడానికి బద్ధకించినవి.

మావారు స్టూలెక్కి పెట్టెని లాగారు. నానిపోయిన అడుగు ఊడి చేతికొచ్చింది. ఒక పుస్తకం ఆయన భుజం మీద, మిగతావన్నీ నేల మీది నీళ్లలో. నేను కింద కూర్చుని గబగబా ఏరడం మొదలుపెట్టాను. కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ చూస్తున్న అత్తయ్యగారు అన్నారు, "అదేంటి, వచ్చినవాళ్లందరికీ బుచ్చిబాబు గొప్ప అని చెప్తుంటావుగా? ఆయన ఇంకా నీళ్లలోనే ఉన్నాడే?"

నిజమే. "చివరకు మిగిలేది" నా మోకాలి పక్కనే నానుతోంది. నేను దాన్ని దాటి చెయ్యి చాపి తీసినవి ముందు "కాలాతీత వ్యక్తులు", తర్వాత "అల్పజీవి", ఆ తర్వాత "బారిష్టర్ పార్వతీశం". ఆలోచించి తీసినవి కావు. ఎవరైనా మీకు ఇష్టమైన తెలుగు నవలలేమిటని అడిగితే నేను చెప్పే వరస వేరే ఉంది. ఇరవయ్యేళ్లుగా అదే వరస చెప్తున్నాను. ఇవాళ చెయ్యి దాని మాట వినలేదు.

పొద్దుటి టిఫిను బ్రెడ్డుతో సరిపెట్టేశాను. పాత చీర ఒకటి, వడియాలు పెట్టే ప్లాస్టిక్ పట్టా ఒకటి డాబా మీద పరిచాను. మొత్తం నలభై మూడు పుస్తకాలు. పుస్తకాన్ని నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విప్పి పెట్టుకుంటూ వెళ్లాను. పదకొండయ్యేసరికి అట్టలన్నీ నూనెలో వేసిన అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. ఎండ పనికిరాదన్నమాట, నీడా గాలీ కావాలి. అన్నీ మళ్లీ మెట్లగదిలోకి మార్చి, పది పదిహేను పేజీలకొక న్యూస్‌పేపరు ముక్క పెట్టాను. ఆ పేపరు తడిని పీల్చగానే తీసి ఇంకోటి. సాయంత్రందాకా అదే పని. పేజీ తిప్పినప్పుడల్లా కళ్లు అక్షరాల మీదికి పోతాయి కదా. నలభై మూడు నవలలూ ముక్కలు ముక్కలుగా ఒకే రోజులో చదివినట్టయింది.

శ్రీదేవి గారి నవల "కాలాతీత వ్యక్తులు" చెయ్యికి ముందు ఎందుకు తగిలిందో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది చదివాను దాన్ని. అందులోని ఇందిర నాకు కొత్తగా అనిపించలేదు, పక్క కౌంటరులో కూర్చున్న మనిషిలా అనిపించింది. జీతం తెచ్చి ఇల్లు నడుపుతుంది, చేతకాని తండ్రిని సాకుతుంది, నవ్వుతుంది, సినిమాకి పోతుంది, మగవాణ్ణి చూస్తే ఎంతవరకు నిలబడతాడో లెక్క కట్టేస్తుంది. ప్రకాశం ఎంత పిరికివాడో మనకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. అలాంటి ఆడదాన్ని సృష్టించిన రచయితలు చివర్లో ఏదో ఒక శిక్ష వేసి పాఠకుల్ని చల్లబరుస్తారు. రైలు కిందో, నూతిలోనో, కనీసం పశ్చాత్తాపంలోనో పడేస్తారు. శ్రీదేవి గారు ఆ పని చెయ్యలేదు. మంచిపిల్ల కల్యాణిని పక్కనే పెట్టి కూడా, ఈమెని చూసి ఆమెని చూడండి అని వేలు చూపించలేదు. 1957 ప్రాంతంలో "తెలుగు స్వతంత్ర" పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల అంటే నమ్మబుద్ధి కాదు. ఆవిడ డాక్టరు. రాసిన నవల ఇదొక్కటే. ముప్పైల్లో అడుగు పెట్టగానే, 1961లో పోయారు. తర్వాత రెండేళ్లకి దీన్నే "చదువుకున్న అమ్మాయిలు" అని సినిమా తీశారు. సినిమా సరదాగా ఉంటుంది కానీ నా ఇందిర అందులో దొరకలేదు నాకు.

అత్తయ్యగారికి ఇందిర గిట్టదు. "దానికి మర్యాద తెలీదు" అంటారు. అనేసి, "అయినా మర్యాదంటూ కూర్చుంటే ఆ తండ్రికి అన్నం ఎవరు పెడతారులే" అని ఆవిడే సర్దుతారు.

ఇక బుచ్చిబాబు. నా కాపీలో పెన్సిలు గీతలు తడికి అలికిపోయి ఉన్నాయి. డిగ్రీ రెండో ఏడు చదివినప్పుడు గీసినవి. పేజీకి మూడు నాలుగు గీతలు. అంటే ఆ పిల్లకి అన్నీ నచ్చాయన్నమాట. దయానిధి దుఃఖం నాదే అనుకునేదాన్ని. తల్లి మీద లోకం వేసిన మచ్చని మోసుకుంటూ తిరగడం, ఎవరి ప్రేమనీ పూర్తిగా పుచ్చుకోలేకపోవడం, రాయలసీమ వెళ్లి వజ్రం దొరికాక కూడా ఏమీ దొరకనట్టే ఉండడం. పత్రికలో వచ్చినప్పుడు దాని పేరు "ఏకాంతం" అని తెలిశాక మరీ మురిసిపోయాను. పందొమ్మిదేళ్లకి ఏకాంతం అన్న మాట లడ్డూలా ఉంటుంది.

నలభై దాటాక మళ్లీ చదివితే విసుగొచ్చింది. ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను. కోమలి, అమృతం, సుశీల, కాత్యాయని... ఎంతమంది ఆడవాళ్లు! అందరూ దయానిధి తనని తాను వెతుక్కోవడానికి తలుపులు తీసి పెట్టేవాళ్లే. వాళ్లలో ఒక్కరైనా ఆ పూట ఏం తిన్నారో, ఎక్కడ నిద్రపోయారో అని అతనికి తోచినట్టు నాకు కనిపించలేదు. అతని భార్య పేరు కూడా ఇందిరే. ఇవాళ రెండు పుస్తకాలూ పక్కపక్కన ఆరుతుంటే గమనించాను. ఈ ఇందిర జబ్బుపడి పోతుంది. ఆ ఇందిర రేపు ఒకటో తారీకు అన్న ధీమాతో ఉంటుంది. నాకు ఏ ఇందిర ఇల్లు కావాలంటే తడుముకోకుండా చెప్తాను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆయన వెన్నెల గురించో, కొండ మీద రాయి గురించో, సాయంత్రం గురించో రాసిన చోట ఇవాళ కూడా న్యూస్‌పేపరు ముక్క చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. దయానిధిని తీసేసి ఆ చుట్టుపక్కలంతా నాకిచ్చేస్తే తీసుకుంటాను.

ఈలోగా మావారు కిందా మీదా తిరుగుతూ ప్లంబరుకి ఫోన్లు చేస్తున్నారు. వాడు "వస్తన్నా సార్, దార్లో ఉన్నా" అని నాలుగుసార్లు చెప్పాడు. ఐదోసారి ఫోను ఎత్తలేదు. ఆయన దిగాలుగా వచ్చి మెట్ల మీద కూర్చుని, ఆరుతున్న "అసమర్థుని జీవయాత్ర" తీసి ఒళ్లో పెట్టుకున్నారు. నాకు నవ్వాగలేదు. ఆయనకి అర్థమై, ఆయనా నవ్వారు.

ఆ నవల మా ఇద్దరికీ ఎప్పటినుంచో పేచీ. గోపీచంద్ అంటే ఆయనకి ప్రాణం. సీతారామారావు లాంటి వాణ్ణి తెలుగులో ఇంకెవరూ రాయలేదంటారు. వంశం పరువు నిలబెట్టాలన్న తండ్రి మాటని పట్టుకుని ఆస్తంతా కరగబెట్టుకోవడం, కరిగాక ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అని తవ్వుకోవడం, ఆ తవ్వుడంతా చివరికి శ్మశానం దాకా తీసుకెళ్లడం. రాసిన తీరు గొప్పదే, కాదనను. ఒక మనిషి లోపల విరిగిపోతున్న చప్పుడు వినిపిస్తుంది. కానీ అతను తన చేతకానితనాన్నంతా తీసుకొచ్చి భార్యమీదా పిల్ల మీదా కుమ్మరిస్తుంటే నా చెయ్యి పుస్తకం మూసేస్తుంది. "అది రచయిత చూపిస్తున్నాడు, సమర్థించడంలేదు కదా" అంటారు ఆయన. తెలుసండీ. తెలిసినా మూసేస్తుంది. రెండుసార్లు పూర్తిగా చదివాను, మూడోసారి చదవను.

అదే చేతకాని మనిషి "అల్పజీవి"లో ఉంటే మాత్రం ఎందుకంత ప్రేమ? ఇది నాకే సరిగ్గా తెలీదు. రావిశాస్త్రిగారి సుబ్బయ్య కూడా భయస్థుడే. ఆఫీసులో పైవాడంటే భయం, ఇంట్లో బావమరిది అంటే భయం, అప్పు అడగాలంటే భయం, అప్పు దొరికితే ఇంకా భయం. కాంట్రాక్టరు గవరయ్య ఎదురుగా అతను నిలబడ్డ తీరు చదువుతుంటే, మా పాత బ్రాంచిలో మేనేజరు గది బయట ఫైలు పట్టుకుని నిలబడ్డ నేనే కనిపిస్తాను. సుబ్బయ్య తన భయానికి తత్త్వం పేరు పెట్టడు, అందుకేనేమో. భయాన్ని భయంలాగే పడతాడు. పైగా శాస్త్రిగారు అతన్ని చూసి నవ్వుతూనే భుజం మీద చెయ్యేసి నడుస్తుంటారు. విశాఖపట్నం గాలీ ఉప్పూ ఆ పేజీల్లో ఉన్నాయి. ఇవాళ నిజంగానే నీళ్లూ ఉన్నాయి.

పన్నెండున్నరకి అత్తయ్యగారు మోకాళ్లనొప్పులతో సహా మెట్లెక్కి డాబా మీదికి వచ్చేశారు. ఎందుకో నాకు తెలుసు. "వేయిపడగలు"ని నేను సరిగ్గా ఆరబెడుతున్నానా లేదా అని చూడ్డానికి. అది మావయ్యగారి పుస్తకం. ఇటుకరాయి అంత ఉంటుంది, తడిశాక ఇటుకరాయంత బరువు కూడా. దాన్ని నిలబెడితే నిలబడదు, పడుకోబెడితే మధ్య పేజీలకి గాలి తగలదు.

విశ్వనాథవారు దాన్ని 29 రోజుల్లో తమ్ముడికి చెప్తూ రాయించారని అంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ల పోటీకి పంపితే, బాపిరాజుగారి "నారాయణరావు"కీ దీనికీ కలిపి బహుమతి ఇచ్చారు. తర్వాత పి.వి.నరసింహారావుగారు "సహస్రఫణ్" అని హిందీలోకి తెచ్చారు. ఇవన్నీ మావయ్యగారు నాకు పెళ్లయిన కొత్తలో చెప్పినవే. నేను తలూపేదాన్ని. చదివానా అంటే చదివాను, ఆరు నెలలు పట్టింది.

ఆ పుస్తకంలో నా పేచీ కథానాయకుడు ధర్మారావుతో. ఆయన ఎప్పుడూ ఒప్పే. సంగీతమైనా, చదువైనా, వంటైనా, ఇంగ్లీషు దొరతనమైనా ఆయన నోరు విప్పితే చర్చ అయిపోతుంది. ఎదుటివాళ్లు ఓడిపోవడానికే వస్తారు. ఒక్కచోట, ఒక్క చిన్న విషయంలో ఆయన తప్పని తేలితే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు. పైగా పాతదంతా పోతోందన్న ఆ బెంగలో ఏది పోతే ఎవరి మెడ మీంచి కాడి దిగిందో ఆ లెక్క ఉండదు. అయినా గిరిక దగ్గరికొచ్చేసరికి నా వాదనలన్నీ ఆగిపోతాయి. వేణుగోపాలస్వామికి తనని ఇచ్చేసుకున్న ఆ పిల్ల, పొలాలే ఇల్లయిన ఆ పసిరిక, జాతరలో ఊగిపోయే గణాచారి, ఒక్కొక్క పడగే రాలిపోతున్న పాము... ఇవి ఒక ఊరికి వచ్చే కలలు. వాటిని కన్నవాడూ ధర్మారావు ఉపన్యాసాలు రాసినవాడూ ఒక్కడేనా అని ఆశ్చర్యపోతాను.

ఇదంతా అత్తయ్యగారికి ఎప్పుడో ఒకసారి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "ఉపన్యాసాలు వచ్చినప్పుడు నేనూ పేజీలు తిప్పేసేదాన్ని. మీ మావయ్యకి చెప్పకు" అన్నారు. మావయ్యగారు పోయి అప్పటికి నాలుగేళ్లు.

"నారాయణరావు" కూడా తడిసింది, పెద్దగా బాధ కలగలేదు. అందరూ అందగాళ్లే, అందరూ మంచివాళ్లే, అందరికీ సంగీతం వచ్చు. బాపిరాజుగారు చిత్రకారుడు కదా, మనుషులకి కూడా రంగులు వేసేశారు. పదహారేళ్లప్పుడు ఇష్టంగానే చదివాను.

మధ్యాహ్నం పప్పుచారు, బంగాళాదుంప వేపుడు. తింటుంటే మా అమ్మాయి బెంగళూరు నుంచి వీడియో కాల్ చేసింది. డాబా మీద ప్రదర్శన చూపించాను. "అన్నీ పీడీఎఫ్‌లు దొరుకుతాయి కదమ్మా, పాత పేపరువాడికి వేసెయ్" అంది. అన్న ఐదు నిమిషాలకి, "నా అంపశయ్య ఉందా అందులో?" అని అడిగింది. ఉంది. ఉస్మానియా హాస్టల్లో ఒక కుర్రాడి ఒక్క రోజే ఆ నవలంతా. 1969లో వచ్చింది, రచయిత ఇంటిపేరే మారిపోయి అంపశయ్య నవీన్ అయిపోయారు. మా అమ్మాయి ఇంజనీరింగ్ హాస్టల్లో ఉండగా చదివి, "నా బుర్రలో జరిగేదంతా ఈయనకెలా తెలిసిందే" అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. అప్పుడు నాకెంత సంబరమైందో. నాకు మాత్రం ఆ నవల సగంలోనే ఊపిరాడదు. రవి మెస్ బిల్లు టెన్షన్, పరీక్షల టెన్షన్ నాకెందుకు అంటుకోవాలి, నా ఈఎంఐలు నాకున్నాయి.

"మాలపల్లి" సంగతి రాయాలంటే సిగ్గే. ఉన్నవవారు 1922లో జైల్లో కూర్చుని రాసింది, దొరల ప్రభుత్వం నిషేధించింది, మాలవాడలోని సంసారాన్ని నవల మధ్యలో కూర్చోబెట్టింది. గొప్పదని నాకు తెలుసు. మూడుసార్లు మొదలుపెట్టాను. సంగదాసు పోయేచోటికి వచ్చేసరికి ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాత ఎక్కడో దారి తప్పిపోతాను. ఇవాళ ఆరబెడుతూ, నా పాత బస్సు టిక్కెట్టు గుర్తు పెట్టిన పేజీ చూశాను. మూడుసార్లూ ఇంచుమించు అక్కడే ఆగాను.

"పార్వతీశం" గురించి ఏం చెప్పను? మొగలితుర్రు నుంచి బయల్దేరినవాడు మద్రాసులో అందంగా ఉందని దొరసానుల టోపీ కొనుక్కున్న ఘట్టం మెట్లగదిలో పైకి చదివితే ముగ్గురం నవ్వాం. అత్తయ్యగారికి దగ్గు కూడా వచ్చింది. మొక్కపాటివారు మొదటి భాగం 1924లో తెచ్చి, మిగతా రెండు భాగాలు దాదాపు అర్ధశతాబ్దం తర్వాత తెచ్చారు. నాకు మొదటిదే చాలు. పెళ్లి చేసుకుని పెద్దమనిషైపోయిన పార్వతీశం నాకక్కర్లేదు.

అట్టడుగున "మైదానం" దొరికింది. పెళ్లికి ముందు కొన్నది, న్యూస్‌పేపరు అట్ట వేసి దాచినది. ఇన్నేళ్లు అత్తయ్యగారి కంట పడనీయలేదు. అట్ట తడిసి ఊడిపోయి, చలం పేరు బయటపడింది. గబుక్కున బోర్లించాను. "ఆ రాజేశ్వరి కథేగా, నేను నా పెళ్లికి ముందే చదివాను. మా అన్నయ్య పెట్లో ఉండేది" అన్నారు ఆవిడ తాపీగా. ఎలా అనిపించిందండీ అని అడిగాను. "ఏముంది, వానొస్తే ఆ పాకలో ఎలా ఉంటారా అని ఒకటే దిగులు నాకు." ఇప్పటిదాకా ఆ పుస్తకం మీద నేను విన్న విమర్శలన్నీ ఒకెత్తు, ఇదొక ఎత్తు.

ఒక్క పుస్తకం మాత్రం దక్కలేదు. "వనవాసి". బిభూతిభూషణ్ బెంగాలీ నవలకి సూరంపూడి సీతారాంగారి తెలుగు. చుక్క సరిగ్గా దాని మీదే రాత్రంతా పడినట్టుంది. పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుని కొబ్బరుండలా అయింది. గోళ్లతో విడదీయబోతే అక్షరాలు వచ్చేస్తున్నాయి. నాకిష్టమైన నవలల వరసలో దాని పేరు ఎప్పుడూ చెప్పలేదు. తెలుగు నవల కాదు కదా అని వదిలేసేదాన్ని. కలకత్తా కుర్రాడు సత్యచరణ్ ఉద్యోగం కోసం బీహారు అడవుల్లోకి వెళ్తాడు. మొదట విసుక్కుంటాడు, తర్వాత ఆ అడవికి బానిసవుతాడు. అతని ఉద్యోగమే ఆ అడవిని ముక్కలు చేసి కౌలుకివ్వడం. యుగళప్రసాద్ అని ఒకడుంటాడు, ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి అడవిలో నాటుతుంటాడు. అతనికి భూమి లేదు, ఆ పూలు చూసేవాళ్లూ లేరు. ఎందుకు నాటుతున్నావంటే అందంగా ఉంటాయి కాబట్టి, అంతే. ఆ భాగం నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. లోన్ల సెక్షన్లో ఉన్న మూడేళ్లూ అది నా టేబులు సొరుగులో ఉండేది. వెతికితే మధ్యలో ఎనిమిది పేజీలు మాత్రం ఊడొచ్చాయి. యుగళప్రసాద్ లేడు వాటిలో. ఏదో పశువుల కాపరి, పొగమంచు.

పారెయ్యబుద్ధి కాక ఆ ముద్దని కూడా తీసుకొచ్చి కిటికీలో పెట్టాను.

సాయంత్రం ఆరింటికి ప్లంబరు వచ్చాడు. ట్యాంకు చూసి, "ఇది నా పని కాదమ్మా, తాపీమేస్త్రి పని" అన్నాడు. పొద్దుట్నుంచీ ఎదురుచూసింది ఈ మాటకి. సెక్రటరీగారు సోమవారం మీటింగు పెడతారట.

మంచు పడుతుందని పుస్తకాలన్నీ కిందికి తెచ్చి హాలంతా పరిచాం. అత్తయ్యగారి మంచం దగ్గరికి వెళ్లాలంటే "రాజశేఖర చరిత్ర"ని దాటి, "గణపతి" నవల పక్కనుంచి ఒంటికాలి మీద వెళ్లాలి. ఆవిడ రాత్రి లేస్తారు కాబట్టి దారిలో ఉన్న రెండింటిని గోడ వారకి జరిపాను. ఫ్యాను ఐదు మీద పెట్టాం. చలేస్తోందని మావారు దుప్పటి ముసుగుపెట్టుకుని, ముసుగులోంచే అడుగుతున్నారు, మూడు మీద పెడితే ఆరవా అని. ఆరవు.